ఖాళీ గడిలో మన్మథరావు

నా పేరు మన్మథరావు. ఆ పేరుతో ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా పెళ్లికాకుండా ఊళ్లో తిరగాలంటే గుండెధైర్యం కావాలి. నాకు అది లేదు. అందుకే తిరిగేవాణ్ణి కాదు. రాయగడ మెయిన్ రోడ్డులో మందుల షాపు మేడమీద ఒక గది అద్దెకు తీసుకుని, దానికి కంప్యూటర్ సెంటర్ అని బోర్డు పెట్టి, అందులోనే కూర్చునేవాణ్ణి. కింద దగ్గు మందు కోసం వచ్చినవాళ్లు పొరపాటున మెట్లెక్కితే, ఆ రోజుకు నా దగ్గరికి వచ్చిన జనం వాళ్లే.

పేరు విషయంలో నాన్నను అనడానికి లేదు. మా తాతయ్య మన్మథ నామ సంవత్సరంలో పుట్టాడు, ఆయన పేరు నాకు దిగింది. నేను పుట్టింది మాత్రం పరీధావిలో, కాశీపూర్‌లో. నాన్నకు అక్కడ చిన్న కిరాణా కొట్టుండేది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గడియారం ఆ వారం జయపురంలో రిపేరుకు ఉంది. నేను బస్సు వచ్చాక పుట్టానని నానమ్మ చెప్పేది. వానకు రోడ్డు తెగి ఆ రోజు బస్సే రాలేదని నాన్న అనేవాడు. పాలు కాచే వేళకని అమ్మ అంటుంది గాని, ఏ పూట పాలో ఆమెకు గుర్తులేదు. ఆ రోజు మధ్యలో ఒక నక్షత్రం వెళ్లి ఇంకోటి వచ్చింది. నేను దానికి ముందు పుట్టానో వెనక పుట్టానో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఇలాంటివాళ్లకు మాలో ఒక దారి ఉంది. పుట్టిన నక్షత్రం తెలియకపోతే పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నామనక్షత్రం చూస్తారు. నా పేరుకు మఖ వస్తుంది. మా అమ్మ కృష్ణవేణమ్మ నాకు సంబంధాలు చూసినన్నాళ్లూ మఖ అనే చెప్పేది. నేను బరంపురంలో కంప్యూటర్ డిప్లొమా చేసి వచ్చినవాణ్ణి గనక, వచ్చిన ప్రతి పెద్దమనిషి ముందూ కూర్చుని, అక్షరానికీ ఆకాశానికీ సంబంధం లేదని ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. కొన్నాళ్లకు సంబంధాలు రావడం మానేశాయి. ఉపన్యాసం మాత్రం మిగిలింది.

అలా మిగిలిన రోజుల్లో దేవిశ్రీ కనిపించింది. చంద్రశేఖరం గారి కూతురు. ఆయనది పేపరు, స్టేషనరీ హోల్‌సేల్ షాపు. ఆమె ఎం.కాం. చదివి వచ్చి కౌంటర్లో కూర్చునేది. నా సెంటర్‌లో ఒక డాట్ మాట్రిక్స్ ప్రింటర్ ఉండేది. దానికి సిరా రిబ్బన్ కావాలి. నిజానికి ఒక రిబ్బన్ చాలా రోజులు వస్తుంది. నాది మాత్రం వారం తిరక్కుండా అయిపోయేది.

"మన్మథరావు గారూ, మీరు రిబ్బన్లు ప్రింటరుకి వేస్తారా, అన్నంలో కలుపుకుంటారా?" అని ఒకసారి అడిగింది.

దీనికి నవ్వి, ఏదో ఒక చక్కటి మాట అనవలసింది. నేను ప్రింటర్ హెడ్డు ఎలా పనిచేస్తుందో వివరించాను. ఆమె చివరిదాకా విని రిబ్బన్ కట్టి ఇచ్చింది. ఇంటికి వెళ్తే అమ్మ అలమారా తెరిచి చూపించింది.

"ఈ రిబ్బన్ల గుట్టేటిరా? గుమ్మానికి తోరణం కడతావేటి?"

మా వాళ్లలో అబ్బాయి తరఫున ఒక పెద్దమనిషి వెళ్లి మాట కదపాలి. నాన్న అప్పటికే పోయాడు. ఊళ్లో పెద్దమనుషులందరికీ నా ఉపన్యాసం అయిపోయింది. ఇక నేనే అడగాలి. నోటితో ఒక్క వాక్యం చెప్పలేక, దాన్ని కంప్యూటర్ చేత చెప్పించే ఏర్పాటు చేసుకున్నాను.

ఆ ఏర్పాటుకు అవకాశం ఇచ్చినవాడు ఆదిశేషు గారు. ఆయనది బెల్లం హోల్‌సేలు. మా కులసంఘానికి సెక్రెటరీ కూడా. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ, సరిహద్దు అవతల పార్వతీపురంలోనూ ఉన్న మా కుటుంబాలన్నిటికీ సంఘం ఏటా ఒక వధూవరుల పరిచయ సభ పెట్టేది. 2006లో సభకు ముందు ఆయన నా మెట్లెక్కి వచ్చాడు.

"ఒరే మన్మథా, ఏటేటా పుస్తకం జిరాక్సు తీసి పంచుతన్నాం. అందరూ మండపంలో కూకుని పంచాంగాలు తిరగేసి, నీ నాడి ఇది, మా నాడి అది అని కొట్టుకుంటన్నారు. పులిహోర సల్లారిపోతంది. ఎవరికెవరు కుదురుతారో నీ మిషను సేత ఏరించి, ఎవరి సీటీ వాళ్లకి ముందే ఇప్పించలేవేటి?"

ఇప్పించగలనన్నాను. ఎందుకంటే నా దగ్గర సూత్రధారి ఉంది.

సూత్రధారి అంటే నేను రాసిన లైబ్రరీ, అంటే మిగతా ప్రోగ్రాములు వాడుకునే ప్రోగ్రాము. డేటాబేస్‌లో వివరాలు గళ్ల పట్టీల్లో ఉంటాయి. ప్రోగ్రాము రాసేవాడికి గళ్లతో పని లేదు. అతనికి వరుడు కావాలి, వధువు కావాలి, వాళ్ల ఊరూ వయసూ అడిగితే చెప్పాలి. డేటాబేస్‌కూ అతనికీ మధ్య మాటలు చేరవేసే లైబ్రరీ ఒకటి ఉండాలి. పెళ్లిళ్ల పేరయ్య పని అన్నమాట. అలాంటివి లోకంలో అప్పటికే మంచివి ఉన్నాయి, ఉచితంగానే. మా ఫోను లైను మీద అవి దిగేలోపు కరెంటు పోయేదని, అందుకే సొంతంగా రాసుకున్నానని అందరికీ చెప్పేవాణ్ణి. అసలు సంగతి వేరు. నాకు నేను రాసిందే కావాలి. దాన్ని వాడేవాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

సూత్రధారి చేసే ముఖ్యమైన పని షరతులు కట్టడం. మగవాళ్లు కావాలి, పెళ్లికానివాళ్లు కావాలి, ఫలానా నక్షత్రం వద్దు అని నేను ఒక్కొక్కటీ చెబుతుంటే, అది వాటిని డేటాబేస్‌కు అర్థమయ్యే ఒక వాక్యంగా మారుస్తుంది. నేను దాన్ని రాసిన పద్ధతి పూలదండ పద్ధతి. వచ్చిన షరతును వచ్చినట్టు ముందుదాని పక్కన గుచ్చడమే. ఇంకో ఆలోచన లేదు. ఆ ఆలోచన లేకపోవడాన్ని నేను సరళత అని పిలుచుకునేవాణ్ణి.

వివరాలు ఎక్కించడం మొదలుపెట్టిన రోజు ఆదిశేషు గారు నా పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

"ముందు నాది కొట్టు. ఎలాగొస్తాదో సూద్దాం."

ఆయన పేరు, ఊరు, వయసు, వివాహితుడు అని కొట్టాను. నక్షత్రం అడిగితే, "ఇప్పుడు నా నక్షత్రమెందుకురా, మీ పిన్ని వింటే నవ్వుతాది" అన్నాడు. ఆ గడి ఖాళీగా వదిలేశాను. అంతకు ముందే నేను ప్రయత్నించి చూడడానికి 'పరీక్ష పరీక్ష' అని ఒక మనిషిని సృష్టించి, తొంభై తొమ్మిదేళ్లు వేసి ఉంచాను. ఈ ఇద్దర్నీ తరవాత తీసేద్దామనుకున్నాను. తీయలేదు.

చివరికి నా వివరాలు కూడా ఎక్కించాను. ఎంతో యథాలాపంగా చేస్తున్నట్టు నటించాను గాని, ఆదిశేషు గారు కళ్లజోడు సర్దుకుని స్క్రీన్ వైపు వంగాడు.

"అయితే నువ్వూ ఉన్నావన్నమాట! నక్షత్రం మఖ అని కొట్టు."

"నేను నమ్మనండీ."

"నువ్వు నమ్మక్కర్లేదురా. గడి నిండాలి గదా."

"ఖాళీగానే ఉండనివ్వండి."

నా లెక్క నాకుంది. ఒక్కో అమ్మాయి నక్షత్రానికి ఒక్కో నాడి ఉంటుంది. అదే నాడికి చెందిన తొమ్మిది నక్షత్రాల అబ్బాయిలు ఆ అమ్మాయికి పనికిరారు. మిగిలినవాళ్లంతా పనికొస్తారు. నాకు నక్షత్రమే లేదు కాబట్టి ఏ తొమ్మిదిలోనూ నేను పడను. అంటే ప్రతి అమ్మాయి చీటీలోనూ నా పేరు వస్తుంది. దేవిశ్రీ చీటీలో కూడా వస్తుంది. ఆమె దాన్ని చూస్తుంది. నేను అక్కడ ఉండను. సిగ్గుపడే అవసరం లేకుండా పెళ్లిమాట కదపడానికి ఇంతకంటే మంచి మార్గం ఎవరూ కనిపెట్టి ఉండరని నాకు గట్టి నమ్మకం.

దేవిశ్రీది రేవతి నక్షత్రమని చంద్రశేఖరం గారు రాయించారు. వివరాలన్నీ ఎక్కాక ఆమె చీటీ తీసి చూశాను. పార్వతీపురంలో హార్డ్‌వేర్ షాపు ఉన్న అబ్బాయి మొదట ఉన్నాడు. కింద జయపురం వాళ్లు, గుణుపురం వాళ్లు. నేను లేను.

జాతకాలు నమ్మని నేను ఆ మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు. రాసిపెట్టి లేదు అనుకున్నాను. ఆ రాసింది నేనే అన్న సంగతి నాకు గుర్తే రాలేదు. మర్నాడు ఒక ఇంజనీరు గారి కంప్యూటర్ బాగుచేయడానికి సునాబెడ వెళ్లి, ఘాట్ రోడ్డు మలుపుల్లో కిటికీ చువ్వకు తల ఆనించి, ఇక ఒంటరిగానే బతకాలని నిర్ణయించుకున్నాను. బస్సు కుదుపుకు తల చువ్వకు కొట్టుకుని బొప్పి కట్టింది. నిర్ణయం మారలేదు.

తిరిగి వచ్చాక ఏమీ తోచక మిగతా అమ్మాయిల చీటీలు చూశాను. వాటిలోనూ నేను లేను. ఒకరికి రాసిపెట్టి లేకపోవచ్చు. రెండు జిల్లాల్లో ఏ ఒక్కరికీ రాసిపెట్టి లేకపోతే అది విధి కాదు, బగ్గు.

దొరికింది కూడా. డేటాబేస్ దృష్టిలో ఖాళీ గడి అంటే 'లేదు' కాదు, 'తెలియదు'. ఈ మనిషిది రేవతి కాదు కదా అని దాన్ని అడిగితే, అది అవుననదు, కాదనదు, తెలియదంటుంది. అవునన్నవాళ్లను మాత్రమే చీటీలోకి పంపుతుంది. తెలియనివాళ్లు కాదన్నవాళ్లతో పాటు గుమ్మం బయటే ఉండిపోతారు, చప్పుడు లేకుండా. ఏ ఆడపిల్ల తండ్రీ నన్ను కాదనలేదు. నేను రాసిన పేరయ్యే నన్ను పెళ్లిళ్ల లోకంలోంచి తీసేశాడు.

సంతోషంతో ఒళ్లు తెలియలేదు. చీటీలు ఆ రోజే పంచాలని ఆదిశేషు గారు తొందర పెడుతున్నాడు. గుడిలో పనిచేసే కన్నారావు, ఊళ్లోవి పంచి మిగతావి పై ఊళ్ల బస్సులకు అందించడానికి, సైకిల్ వేసుకుని కింద నిలబడి ఉన్నాడు. సూత్రధారి కట్టే దండ చివర ఇంకో షరతు గుచ్చాను: లేదా నక్షత్రం ఖాళీగా ఉన్నవారు. దేవిశ్రీ చీటీ మళ్లీ తీశాను. అట్టడుగున నా పేరు ఉంది. దాన్ని చాలాసేపు చూశాను. ఆ చీటీలో నా పేరు తప్ప ఇంకే పేరూ చదవలేదు. అన్నీ ప్రింటు చేసి కన్నారావుకు ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే మెట్లమీద చెప్పుల చప్పుడు. ముందు ఆదిశేషు గారి భార్య రామలక్ష్మి గారు, వెనకాల ఆయన.

"ఏటి నాయనా మన్మథరావూ, మీ బాబాయికి సంబంధాలు సూస్తన్నావట?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ ఒక చీటీ నా బల్లమీద పెట్టింది.

"రెండు జిల్లాల్లో ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ ఈయన పేరెళ్లింది. పొద్దున్నించి ఫోన్లే. గుణుపురం నుంచి ఒకావిడ, 'ఆదిశేషు గారు మళ్లీ సేసుకుంటన్నారా, ఆవిడకేటయింది?' అని నన్నే అడుగుతాది. నాకేటయిందని సెప్పమంటావు?"

ఆదిశేషు గారు కోపంగా ఉండాలని ప్రయత్నిస్తున్నాడు. కాని చెయ్యి మీసం మీదికి పోతూనే ఉంది.

"జయపురం నుంచి కూడా అడిగేరా?" అన్నాడు మెల్లగా.

"మీరు నోరు మూసుకోండి!"

చీటీ చదివాను, ఈసారి మొత్తం. ఆదిశేషు గారు ఉన్నాడు. పరీక్ష పరీక్ష ఉన్నాడు. నక్షత్రం రాయించని గుణుపురం గౌరీశ్వరి అనే ఆడపిల్ల వరుల్లో ఉంది. డేటాబేస్‌కు 'మరియు' గట్టి జిగురు, 'లేదా' పల్చటి జిగురు. మగవాడు మరియు పెళ్లికానివాడు మరియు వయసు సరిపోయేవాడు మరియు ఆ తొమ్మిది నక్షత్రాలు కానివాడు, లేదా నక్షత్రం ఖాళీగా ఉన్నవారు అని నేను గుచ్చాను. అది దాన్ని రెండు ముక్కలు చేసి చదువుకుంది. మొదటి ముక్కలో ఉన్నవన్నీ కుదిరినవాళ్లు రావచ్చు. అది కాకపోతే, నక్షత్రం ఖాళీగా ఉంటే చాలు, ఆడా మగా, పెళ్లయినా కాకపోయినా, తొంభై తొమ్మిదేళ్లున్నా రావచ్చు. చివరి రెండు షరతులకే బ్రాకెట్లు వేయాలి. నా దండకు బ్రాకెట్లు వేయడం చేతకాదు.

రామలక్ష్మి గారికి క్షమాపణలు చెప్పి పంపించి, కాళ్లు ఈడ్చుకుంటూ చంద్రశేఖరం గారి షాపుకు వెళ్లాను. చీటీ వెనక్కి తీసుకుందామని. దేవిశ్రీ కౌంటర్లో దాన్ని పరిచి, ఎగరకుండా పేపర్‌వెయిట్ పెట్టి ఉంచింది.

"రండి. మీ గురించే అనుకుంటున్నాం. ఈ పరీక్ష గారు ఏ ఊరండీ? ఇంటిపేరూ పరీక్షే, పేరూ పరీక్షే. వయసు కాస్త ఎక్కువన్నారు నాన్న."

"అది... పొరపాటున..."

"గౌరీశ్వరి గారు నాకు తెలుసు. మంచి మనిషే. కాకపోతే కుదరదు."

షాపులో సరుకు దించుతున్నవాళ్లు కూడా నవ్వుతున్నారు. నేను చీటీ వైపు చెయ్యి చాపాను. ఆమె పేపర్‌వెయిట్ మీంచి చెయ్యి తీయలేదు. గొంతు కొంచెం తగ్గించింది.

"ఈ చివర్న మన్మథరావు అని ఒకరున్నారు. రాయగడే. కంప్యూటర్ సెంటరట. ఇదీ పరీక్షేనా?"

ఇంతకాలం ఏ ప్రశ్న ఆమె నోట రావాలని ఇన్ని ఫైళ్లు రాశానో, ఆ ప్రశ్న వచ్చింది. అవును, కాదు అన్న రెండు జవాబుల్లో ఒకటి చెప్పాలి.

"అవునండీ," అన్నాను. "పరీక్షే."

ఆమె పేపర్‌వెయిట్ తీసి చీటీ మడిచి ఇచ్చేసింది.

"ఆదివారం సభకి పార్వతీపురం వాళ్లొస్తున్నారు. నాన్న వాళ్లతో మాట్లాడేస్తానంటున్నారు. అప్పటికి సరైన చీటీ ఇవ్వండి, చాలు." ఆపైన, "రిబ్బన్ కావాలా?" అంది.

కావాలన్నాను. అలవాటు.

ఆదివారం లోపల సూత్రధారిని విప్పి మళ్లీ కట్టాలి. సెంటర్‌కు లోపల గడియ వేసి కూర్చున్నాను. కరెంటు పోతే యూపీఎస్ అరుస్తుండగా చివరి ముక్క భద్రం చేసి, కరెంటు వచ్చేదాకా కాగితం మీద బొమ్మలు గీసేవాణ్ణి. దండ పద్ధతి తీసేశాను. ప్రతి షరతూ విడిగా ఒక వస్తువు. కొన్ని షరతుల్ని కలిపి మూట కట్టవచ్చు. మూటలో 'మరియు' అయినా ఉండాలి, 'లేదా' అయినా ఉండాలి, రెండూ కలవకూడదు. ఒక మూటను ఇంకో మూటలో పెట్టవచ్చు. వాక్యం రాసేటప్పుడు ప్రతి మూట చుట్టూ సూత్రధారే బ్రాకెట్లు వేస్తుంది. నాలాంటివాడి జ్ఞాపకశక్తికి వదలదు. ఇది పెద్ద కొత్త సంగతేం కాదు. బయట లైబ్రరీలు రాసేవాళ్లు ఎప్పుడో చేసిన పని. నాకు మాత్రం దానికోసం ఆదిశేషు గారికి రెండో పెళ్లి చేయవలసి వచ్చింది.

'కాదు' దగ్గర మాత్రం ఆగిపోయాను. ఎక్కడ 'కాదు' అన్నా ఖాళీ గళ్లవాళ్లను కూడా కలిపెయ్యమని సూత్రధారికి నేర్పుదామనుకున్నాను. నాలాంటి అభాగ్యులందరికీ న్యాయం జరుగుతుందని కాస్త ఉద్వేగం కూడా కలిగింది. అప్పుడు కింద షాపు గుర్తొచ్చింది. ఆ షాపుకు నేను రాసిచ్చిన మందుల నిల్వ ప్రోగ్రామూ సూత్రధారి మీదే నడుస్తుంది. గడువు తీరని మందులు చూపించమంటే, గడువు తేదీ ఎక్కించని సీసాను కూడా మంచిదే అని చూపిస్తే? పెళ్లికొడుకు మీద చూపించే దయ దగ్గు మందు మీద చూపించకూడదు. ఖాళీని ఏం చేయాలో లైబ్రరీ తేల్చలేదు. అడిగేవాడే తేల్చాలి. కాబట్టి ఖాళీగా ఉండదగిన గడి మీద ఎవరైనా 'కాదు' అంటే సూత్రధారి ఇక ఆగిపోతుంది. ఖాళీలను కలపాలా, వదలాలా, వేరే పెట్టాలా చెప్పమంటుంది. చెప్పేదాకా అడుగు ముందుకు వేయదు.

మొదటిసారి అది నన్నే ఆపింది. వేరే పెట్టమన్నాను. ప్రతి చీటీకి అడుగున ఒక గీత, గీత కింద 'నక్షత్రం తెలియనివారు' అని శీర్షిక.

అప్పుడు ఇంకో కుతూహలం పుట్టింది. అమ్మ చెప్పినట్టు మఖ అని పెట్టి ఉంటే ఏమయ్యేదో చూద్దామని పంచాంగం తీశాను. మఖా రేవతీ రెండూ ఒకటే నాడి. దేవిశ్రీ చీటీలోంచి న్యాయంగా, నిబంధన ప్రకారం కొట్టుకుపోయేవాణ్ణి. జీవితంలో మొదటిసారి నా మొండితనం నాకు పనికొచ్చింది. అది కూడా తెలివితో కాదు.

సభ గుడి వెనక కల్యాణ మండపంలో. ఈసారి చీటీలన్నీ నేనే మొదటి నుంచి చివరిదాకా చదివి, కొత్తవి అక్కడే ప్రింటు తీసి పంచాను. ఆదిశేషు గారు మైకులో, "పాత సీటీలు సింపేయండి. ముఖ్యంగా నా పేరున్నవి" అంటే అందరూ చప్పట్లు కొట్టారు. రామలక్ష్మి గారు కొట్టలేదు. పార్వతీపురం అబ్బాయి లేచి తన పరిచయం చేసుకున్నాడు. ఎత్తుగా ఉన్నాడు. మాట తడబడలేదు. నేను ప్రింటర్ పక్కన, దానికి ఏ అవసరమూ లేకపోయినా, కాపలా ఉన్నాను.

మొదటి పంక్తి భోజనాలకు లేచినప్పుడు దేవిశ్రీ చీటీ పట్టుకుని ప్రింటర్ దగ్గరికి వచ్చింది.

"గీత కింద ఉన్నారేటి? ఇంకా పరీక్ష అవలేదా?"

"అది పరీక్ష కాదండీ. అంటే, మొన్న షరతుకి బ్రాకెట్లు పడలేదు. ఇప్పుడు మూటలుగా కట్టేను. ఖాళీ ఉంటే ఏం చెయ్యాలో చెప్పేదాకా లైబ్రరీ ముందుకెళ్లదు. అందుకని వేరే..."

చాలాసేపు చెప్పాను. రిబ్బన్ల షాపులో విన్నట్టే విన్నది.

"నాది రేవతి అని మీకెవరు చెప్పేరు?" అంది.

"మీ నాన్నగారే రాయించేరు."

"నేను పుట్టినప్పుడు నాన్న సరుక్కి విజయనగరం వెళ్లేరు. వేళ ఎవరూ చూసుకోలేదట. అమ్మకి నచ్చిన పేరు పెట్టేసి, ఆ పేరుకి ఏది వస్తే అది రాయించేరు."

నా బుర్ర వెంటనే పనిచేసింది. పనిచేయకుండా ఉంటే బాగుండేది.

"అయితే మీ గడి కూడా ఖాళీయే! అప్పుడు మీ చీటీలో ఆ తొమ్మిది నక్షత్రాలు కొట్టేయక్కర్లేదు. ఇంకా చాలామంది వస్తారండీ. ఒక్క నిమిషంలో మళ్లీ తీస్తాను. పార్వతీపురం ఆయన ఎలాగూ ఉంటారు, ఆయనతోపాటు ఇంకా..."

కీబోర్డు మీద చెయ్యి వేశాను కూడా. ఆమె ప్రింటర్ స్విచ్ ఆపేసింది.

"మన్మథరావు గారూ, ఖాళీని ఏం చెయ్యాలో చెప్పకపోతే ముందుకెళ్లదన్నారు కదా మీ లైబ్రరీ. నేనూ వెళ్లను. మీకు ఇష్టమా, కాదా? తెలీదని మాత్రం అనకండి."

వెనకాల ఎవరో సాంబారు బకెట్ అడుగుతున్నారు.

"ఇష్టమే," అన్నాను. అది సరిగా వినపడి ఉండదేమోనని, "రిబ్బన్లన్నీ ఇంట్లోనే ఉన్నాయి, ఒక్కటీ విప్పలేదు" అని కూడా అన్నాను.

"అది మా నాన్నకి చెప్పండి. రిబ్బన్ల మాట వద్దు. మొదటి మాట చాలు."

చంద్రశేఖరం గారు పంక్తిలో కూర్చుని పులిహోర కలుపుకుంటున్నారు. ఆయన పక్క ఆకు పార్వతీపురం వాళ్లదే. వాళ్లింకా చేతులు కడుక్కుని రాలేదు. నేను ఆయన ఎదురుగా, ఆకుల మధ్య వడ్డించేవాడిలా వంగి నిలబడ్డాను.

"ఏటి మన్మథా, మళ్లీ తప్పొచ్చిందా సీటీలో?"

"తప్పు కాదండీ. అందులో గీత కింద ఉన్న పేరు పరీక్ష కాదు. నేనే. దేవిశ్రీ గారిని నాకు ఇవ్వమని అడగడానికి వచ్చేను."

ఆయన జేబులోంచి ఎడమచేత్తో చీటీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. కుడిచేతి వేలు గీత దాటి కిందికి జరుపుతూ నా పేరు దగ్గర ఆపారు.

"నక్షత్రం ఏటి?"

"తెలీదండి."

"పుట్టిన వేళ?"

"అదీ తెలీదండి. బస్సు వచ్చాకని నానమ్మ అనేది. బస్సు రాలేదని నాన్న."

ఆయన ఆడవాళ్ల వైపు చూశారు. దేవిశ్రీ స్తంభం దగ్గర నిలబడి ఉంది. ఆమె ఏమీ సైగ చేయలేదు. అక్కణ్ణించి కదలనూ లేదు. ఆయన వేలికున్న పులిహోర నూనె నా పేరు మీద పసుపుగా ఇంకిపోతోంది.

"అన్నీ తెలిసినోడివని ఊళ్లో సెప్పుకుంటారు," అన్నారు. "మా ఇంట్లో కూడా తెలీని సంగతులున్నాయిలే. ఎళ్లి మీ అమ్మని రమ్మను."

అమ్మ ఆడవాళ్ల పంక్తిలో చివరి ఆకు దగ్గర ఉంది. ఒంగి చెవిలో చెప్పాను. ఆమె తల ఎత్తకుండా పెరుగు కోసం చెయ్యి చాపింది.

"ఇన్నేళ్లు నేను ఆగేను. ఈ ముద్ద తినేదాకా నువ్వు ఆగలేవేటిరా?"